గట్టు మీద పదిమంది



ఆగస్టు 16 అనగానే యానాం పెద్దవాళ్లకు 1962 గుర్తొస్తుంది. ఆ రోజునే పుదుచ్చేరి, కారైక్కాల్, మాహేలతో పాటు మన యానాం కూడా చట్టప్రకారం భారతదేశంలో భాగమైంది. నిజానికి యానాంలో ఫ్రెంచి పాలనకు తెరపడింది అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1954 జూన్ 13న. ఆ ఏడాది నవంబరు 1న పాలన చేతులు మారింది. 1956 మే 28న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఆఖరి ముద్ర పడేసరికి 1962 వచ్చింది. జెండా ఒక్క పూటలో మారింది గానీ దస్తరాలు, అలవాట్లు, లెక్కలు మారడానికి ఏళ్లు పట్టింది. ఆ రోజులు చూసినవాళ్ల నోట ఈ మాట వింటూ పెరిగినవాణ్ణి నేను.

అదే ఆగస్టు 16న, 1993లో, అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న ఇరవయ్యేళ్ల కుర్రాడు ఇయాన్ మర్డాక్ ఒక ప్రకటన చేశాడు. కంప్యూటరును నడిపించే ఒక వ్యవస్థను అందరం కలిసి, అందరి కళ్లముందే, ఉచితంగా తయారు చేసుకుందాం రండి అన్నాడు. తాను ప్రేమించిన అమ్మాయి డెబ్రా పేరులో ముక్కా, తన పేరూ కలిపి దానికి డెబియన్ అని పేరు పెట్టాడు. ఏటా ఆగస్టు 16న ప్రపంచంలో చాలాచోట్ల డెబియన్ పుట్టినరోజు జరుపుకుంటారు. మనకు ఆ రోజు విలీన దినం. రెండింటికీ ఏ సంబంధమూ లేదు, తేదీ కలిసిందంతే. కానీ ఒక ఏలుబడి నుంచి మరో ఏలుబడికి మారడం ఎలా ఉంటుందో తెలిసిన ఊళ్లో ఉంటున్నాను కాబట్టి, కంప్యూటర్లు మార్చుకున్న కథ చెప్పాలనుకున్నప్పుడు నాకు ఈ తేదీయే ముందు గుర్తొచ్చింది.

నేను యానాంలో చిన్న కంప్యూటర్ సెంటరు నడుపుతున్నాను. ఎనిమిది డెస్క్‌టాప్‌లు, రెండు లాప్‌టాప్‌లు, ఒక ప్రింటరు. టైపింగు, లెక్కలు, కాస్త ప్రోగ్రామింగు నేర్పుతాం. యంత్రాలన్నీ పదేళ్ల పైబడినవే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది. అంటే కొత్తగా బయటపడే లోపాలకు ఉచితంగా మందు రావడం మామూలుగా ఆగిపోతుంది. విండోస్ 11 వేద్దామంటే దానికి టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, ప్రాసెసరు కూడా కొత్త తరానిదై ఉండాలి. మా యంత్రాలు ఆ లెక్కలో లేవు. పనిచేస్తున్న ఎనిమిది కంప్యూటర్లను పాత సామాన్ల వాడికి తూకానికి వేయడానికి నాకు మనసొప్పలేదు. పిల్లల దగ్గర తీసుకునే ఫీజుతో కొత్తవి ఎనిమిది కొనడమూ అయ్యేపని కాదు. అందుకే డెబియన్‌కు మారాం. మారిన తీరు, పడ్డ ఇబ్బందులు, అవి తీరిన విధం ఈ ప్రసంగంలో చెబుతాను.

ముందుగా లినక్స్ అంటే ఏమిటో తెలియనివారి కోసం నాలుగు మాటలు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అనే ప్రయత్నం మొదలుపెట్టాడు. ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఏముందో చూడొచ్చు, మార్చుకోవచ్చు, నలుగురికీ పంచవచ్చు అన్న నాలుగు హక్కులున్న సాఫ్ట్‌వేరు కోసం అది. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ అనే కెర్నల్ రాశాడు. కెర్నల్ అంటే యంత్రానికీ మన పనికీ మధ్య నిలబడే గుండెకాయ లాంటి భాగం. ఈ ముక్కలన్నీ ఏరి, ఒకదానికొకటి సరిపడేలా పరీక్షించి, ఒక్క పెట్టెలో సర్ది మనకిచ్చేదాన్ని డిస్ట్రిబ్యూషన్ అంటారు. అందులో కొన్నిటి వెనక కంపెనీలున్నాయి. డెబియన్ వెనక కంపెనీ లేదు. వెయ్యికి పైగా డెవలపర్లు ఏళ్ల తరబడి స్వచ్ఛందంగా దాన్ని నిలబెడుతున్నారు. వాళ్లకొక రాజ్యాంగం ఉంది. ఏటా నాయకుణ్ణి ఎన్నుకుంటారు. వాడుకరులకిచ్చే హామీలను 1997లోనే ఒక సామాజిక ఒప్పందంగా రాసుకున్నారు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 69 వేలకు పైగా ప్యాకేజీలు, అంటే ఎక్కించుకోవడానికి సిద్ధంగా ఉన్న సాఫ్ట్‌వేరు మూటలు, ఉన్నాయి. ఉబుంటు, లినక్స్ మింట్ వంటి పేర్లు మీరు వినే ఉంటారు. వాటికి కూడా పునాది ఇదే.

కంపెనీ లేకపోతే పూచీ ఎవరిదని మీకు అనుమానం రావచ్చు. సెంటోస్ అనే లినక్స్ కథ వింటే ఆ అనుమానం తీరుతుంది. కాలేజీల్లో, ఆఫీసుల్లో, సర్వర్లలో అది విరివిగా నడిచేది. సెంటోస్ 8కి 2029 దాకా మద్దతుంటుందని అందరూ నమ్ముకుని ఉండగా, 2020 డిసెంబరు 8న అది 2021 చివరితో సరి అన్న ప్రకటన వచ్చింది. ఆ నిర్ణయం ఒక కంపెనీ చేతిలో ఉంది కాబట్టి అలా జరిగింది. అయినా జనం చెల్లాచెదురు కాలేదు. మూలం అందరికీ తెరిచి ఉన్నదే కాబట్టి నెలల్లోనే, 2021లో, ఆల్మా లినక్స్, రాకీ లినక్స్ అనే రెండు కొత్త పంపిణీలు నిలబెట్టుకున్నారు. ఇంటి ప్లాను మన దగ్గరుంటే ఇల్లు ఖాళీ చెయ్యమన్నా మళ్లీ కట్టుకోవచ్చు. పూచీ అంటే నాకు అర్థమైంది అదే.

ఇక ఇందులో తెలుగువాళ్ల చెయ్యెంత? చాలా ఉంది. తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే పద్ధతి ఆర్‌టీఎస్ అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్‌ల చేతుల మీదుగా రూపుదిద్దుకుంది. పేరులో ఉన్న ఆర్ రైస్ విశ్వవిద్యాలయానిదే. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అనే యూనికోడ్ ఫాంట్లు తయారు చేసి ఉచితంగా ఇచ్చారు. ఈనాటికీ డెబియన్‌లో తెలుగు ఫాంట్ల ప్యాకేజీ వేస్తే ఆ రెండూ వచ్చి కూర్చుంటాయి. పాత ఫాంట్ల రాతను యూనికోడ్‌కు మార్చే పద్మ అనే పనిముట్టును వెన్న నాగార్జున తయారు చేస్తే, దాని ఆధారంగా వీవెన్ తెలుగు కొట్టుకునే లేఖినిని కట్టారు. తెలుగు రాష్ట్రాల్లో స్వేచ్ఛ అనే సంస్థ 2005 నుంచి తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ కోసం పనిచేస్తోంది. పిల్లల కోసం బాల స్వేచ్ఛ కూడా తెచ్చింది. డెబియన్ ఎక్కించేటప్పుడు మొదట వచ్చే భాషల పట్టికలో తెలుగు కనిపిస్తుంది. ఆ తెర మీద మొదటిసారి మన అక్షరాలు చూసి మా పిల్లలు కుర్చీల్లోంచి లేచి వచ్చారు. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్లు రాత్రుళ్లు కూర్చుని ఆ మాటలు ఒక్కొక్కటీ అనువదించి పెట్టారని చెప్పాను. ఒక అమ్మాయి అడిగింది: “వాళ్లకి జీతం ఎవరిస్తారు మేస్టారూ?” చాలామందికి ఎవరూ ఇవ్వరమ్మా అన్నాను. ఆ అమ్మాయి ఆ పూటంతా అదే ఆలోచిస్తూ కూర్చుంది.

మారే ముందు చెయ్యాల్సిన పనుల్లో మొదటిది, ఏ కంప్యూటరు మీద ఏ పని జరుగుతోందో కాగితం మీద రాసుకోవడం. మేము అలా రాస్తే మూడు చిక్కులు తేలాయి. ఒకటి, లెక్కల క్లాసుకు ట్యాలీ అనే ప్రోగ్రాము కావాలి, అది విండోస్‌లోనే నడుస్తుంది. రెండు, వేలిముద్ర యంత్రాల లాంటివాటిని నడిపించే లినక్స్ డ్రైవరు ఉందో లేదో ముందే తేల్చుకోవాలి. మూడు, పాత తెలుగు ఫైళ్లు. కాబట్టి అందరూ రేపు పొద్దున్నే మారిపోండని నేను చెప్పను. మేము లాప్‌టాప్‌లతో పాటు ఏడు డెస్క్‌టాప్‌లు పూర్తిగా మార్చి, ట్యాలీ కోసం మిగిలిన ఒకదాంట్లో విండోస్, డెబియన్ రెండూ ఉంచాం. ఆ ఒక్కదాన్నీ ఇంటర్నెట్ పనులకు వాడం.

మూడో చిక్కు దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఇది తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చేది. ఇరవయ్యేళ్ల కిందట మనం డీటీపీలో తెలుగు కొట్టినప్పుడు కంప్యూటరుకు అది తెలుగని తెలియదు. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టి ఆ ఫాంట్లు చేశారు. ఫాంటు ఉన్నంతసేపు కంటికి తెలుగే. అది లేని యంత్రంలో తెరిస్తే అడ్డదిడ్డంగా ఇంగ్లీషు అక్షరాలు, గీతలు, చుక్కలు. నేను కొట్టిన పాత ప్రశ్నపత్రాలు, మా నాన్నగారు చెబుతుంటే కొట్టి పెట్టుకున్న కుటుంబ వివరాలు, అన్నీ కొత్త తెర మీద అలాగే కనిపించాయి. ఫైలు చెడిపోయిందనుకుని గుండె గుభేలుమంది. చెడిపోలేదు. ఏ గుర్తుకు ఏ తెలుగు అక్షరమో సరిపోల్చి మార్చే పనిముట్లున్నాయి. యూనికోడ్‌లో తెలుగుకు సొంత స్థానాలున్నాయి కాబట్టి అందులోకి మారాక ఏ యంత్రంలోనైనా అ అంటే అ-యే. వారం రోజులు కూర్చుని మార్చాం. ఒత్తులు కొన్ని తారుమారయ్యాయి, చేత్తో దిద్దుకున్నాం. నా సలహా ఏమిటంటే, పాత వ్యవస్థ ఇంకా ఉండగానే ప్రతి ముఖ్యమైన ఫైలుకూ ఒక పీడీఎఫ్ తీసి దాచుకోండి. దిద్దేటప్పుడు పక్కన పెట్టుకుని పోల్చుకోవడానికి అదే ఆధారం.

రెండో పని, ఫైళ్లకు నకళ్లు. ఒకటి కాదు, రెండు వేర్వేరు డిస్కుల్లో తీసుకోండి. ఒకటి మరో ఇంట్లో పెట్టండి. 1996 నవంబరు 6 తుపాను రాత్రిని చూసినవాళ్లకు రెండో ఇంట్లో ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

మూడో పని, ముందుగా రుచి చూడటం. డెబియన్‌లో లైవ్ అనే రూపం ఉంది. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, దాంతోనే కంప్యూటరు తెరవచ్చు. లోపలి డిస్కును ముట్టుకోదు. అలా తెరిచి వైఫై పట్టిందా, శబ్దం వస్తోందా, ప్రింటరు కనిపిస్తోందా అని చూసుకుని నచ్చితేనే ఎక్కించుకోవచ్చు. మీ యంత్రం 32 బిట్ల కాలం నాటిదైతే మాత్రం జాగ్రత్త. డెబియన్ 13 నుంచి వాటికి ఇన్‌స్టాలరు ఇవ్వడం లేదు. మా యంత్రాలన్నీ 64 బిట్లవే కాబట్టి గట్టెక్కాం. పాతవి కాబట్టి ఎక్స్ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ వేశాం. పాత హార్డ్ డిస్కులు తీసి ఎస్ఎస్‌డీలు బిగించాం. ఖర్చు అంతే.

మొదటి అవాంతరం వైఫైతో వచ్చింది. ఒక లాప్‌టాప్‌లో అన్నీ బాగున్నాయి, నెట్ లేదు. వైఫై చిప్ పనిచేయాలంటే ఫర్మ్‌వేర్ అనే చిన్న ప్రోగ్రాము కావాలి. కొన్ని చిప్‌ల తయారీదారులు దాని మూలాన్ని బయటపెట్టరు. అలాంటివి పెట్టెలో పెట్టడం తమ సూత్రాలకు విరుద్ధమని డెబియన్ వాళ్లు చాలాకాలం పక్కన ఉంచారు. వాడేవాళ్లు పడుతున్న ఇబ్బంది చూసి 2022లో ఓటింగు పెట్టుకుని, 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్లోనే ఇస్తున్నారు. అయినా కొన్ని చిప్‌లకు డ్రైవరు విడిగా వేసుకోక తప్పదు. దాన్ని నెట్‌లోంచి తెచ్చుకోవాలి, నెట్ రావాలంటే డ్రైవరు కావాలి. ఈ ముడిని విప్పింది ఒక పిల్లవాడి ఫోను. కేబుల్‌తో లాప్‌టాప్‌కు తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ వేస్తే నెట్ వచ్చింది. లోపల ఏ చిప్ ఉందో చెప్పే ఆదేశం ఎల్ఎస్‌పీసీఐ. అది ఇచ్చాం, పేరు తెలిసింది, దానికి సరిపడిన ప్యాకేజీ వేశాం. అరగంట పని.

రెండోది గడియారం. నాకు ఎక్కువ నేర్పింది ఇదే. రెండు వ్యవస్థలున్న ఆ ఒక్క యంత్రం దగ్గర ట్యాలీ నేర్చుకునే అబ్బాయి వచ్చి, “మేస్టారండీ, దీంట్లో టైము తప్పండి” అన్నాడు. ఉదయం పదిన్నర. తెర మీద అయిదు. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయి ఉంటుందనుకుని మార్చాను. టైము సరిచేశాను. మర్నాడు మళ్లీ అదే తప్పు. మూడోరోజూ అదే. అప్పుడు ఆ అబ్బాయే అన్నాడు: “బ్యాటరీ పోతే ఒక్కోసారి ఒక్కోలా తప్పాలి కదండీ. ఇది ఎప్పుడు చూసినా అయిదున్నర గంటలే వెనక్కి ఉంటోంది.”

అయిదున్నర గంటలు. గ్రీనిచ్ సమయానికీ మన సమయానికీ ఉన్న తేడా సరిగ్గా అంతే. మన దేశానికంతటికీ సమయం లెక్కగట్టే 82.5 డిగ్రీల రేఖాంశం మన కాకినాడకు చేరువగానే పోతుంది. అసలు సంగతి ఏమిటంటే, యంత్రం లోపలి గడియారంలో డెబియన్ గ్రీనిచ్ సమయం పెడుతుంది, తెర మీద చూపేటప్పుడు అయిదున్నర కలుపుతుంది. విండోస్ ఆ గడియారంలో ఉన్నదాన్నే స్థానిక సమయం అనుకుంటుంది. ఇద్దరూ తమ పద్ధతి ప్రకారం సరిగ్గానే నడుస్తున్నారు, గడియారం మాత్రం ఒక్కటే. లోపలి గడియారంలో స్థానిక సమయమే ఉంచమని డెబియన్‌కు ఒక ఆదేశం ఇచ్చాం. ఆ తర్వాత ఇప్పటిదాకా టైము తప్పలేదు.

చూశారా, తప్పుకు కూడా ఒక తీరు ఉంటుంది. ఆ తీరు గమనించినవాడికి సగం జవాబు దొరికినట్టే. నేను అనుభవం కొద్దీ బ్యాటరీ అనేశాను. పదిహేడేళ్ల కుర్రాడు మూడు రోజులు ఓపిగ్గా చూసి అంకె పట్టుకున్నాడు.

మూడోది కరెంటు. ఒక సాయంత్రం అన్ని యంత్రాలకూ అప్‌డేట్ పెట్టాం. మధ్యలో కరెంటు పోయింది. ఒకదాని యూపీఎస్ బ్యాటరీ బలహీనంగా ఉండి అది ఠక్కున ఆరిపోయింది. మళ్లీ తెరిచాక కొత్తది ఏది వేయబోయినా ఎర్ర అక్షరం. మొత్తం తుడిచి మళ్లీ ఎక్కించేద్దామని పెన్‌డ్రైవ్ తీశాను. జీతం సంగతి అడిగిందే, ఆ అమ్మాయి తెర దగ్గరకు వంగి ఇంగ్లీషు కూడబలుక్కుంటూ చదివింది. “డీపీకేజీ పని మధ్యలో ఆగిపోయిందంట. దాన్ని పూర్తి చెయ్యడానికి ఈ ఆదేశం ఇవ్వమని ఇక్కడే రాసుందండి.” డీపీకేజీ అంటే ప్యాకేజీలు ఎక్కించే పనిముట్టు. నిజంగానే అక్కడే ఉంది: సుడో డీపీకేజీ, కాన్ఫిగర్, ఏ. కొట్టింది. ఆగిపోయిన ప్యాకేజీలు ఒక్కొక్కటీ వరసగా సర్దుకున్నాయి. అయిదు నిమిషాల్లో యంత్రం మామూలైపోయింది.

మనలో చాలామందికి తెర మీద ఇంగ్లీషులో నాలుగు వరసలు కనబడగానే కళ్లు వాటంతటవే పక్కకు పోతాయి. చదవకుండానే ఓకే నొక్కేస్తాం. డాక్టరు దగ్గరకెళ్లి నొప్పి ఎక్కడో చెప్పకుండా మందివ్వమన్నట్టు, “కంప్యూటరు పనిచెయ్యట్లేదండి” అంటాం. ఆ వరసల్లోనే రోగం పేరూ ఉంటుంది, చాలాసార్లు మందు పేరూ ఉంటుంది. అక్కడ లేకపోతే జర్నల్‌సీటీఎల్ అనే చిట్టా ఉంది. యంత్రం లేచిన దగ్గర్నుంచి లోపల ఏం జరిగిందో టైముతో సహా రాసిపెడుతుంది. ఎప్పుడు చెడిందో తెలిస్తే ఆ నిమిషం దగ్గర చిట్టా తెరవండి.

ఇన్ని చేదు, తీపి అనుభవాల మీద మేము పెట్టుకున్న పద్ధతి ఇది. ఒకటి, తెర మీది మాట పూర్తిగా చదవాలి, ఉన్నదున్నట్టు కాగితం మీద దించాలి. రెండు, చెడే ముందు చివరగా ఏం మార్చామో గుర్తు చేసుకోవాలి. మూడు, ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి. నాలుగు చోట్ల చెయ్యి పెడితే ఏది పనిచేసిందో తెలియదు. నాలుగు, ఎక్కడో కనిపించిన ఆదేశాన్ని అర్థం తెలియకుండా యంత్రంలో అతికించకూడదు. సుడో అన్న మాట ముందుంటే ఇంటి తాళాలన్నీ చేతికిచ్చినట్టే. అయిదు, డెబియన్‌కు ఇంకో పంపిణీ ప్యాకేజీలు కలపకూడదు. వేరే ఇంటి తలుపు మన గుమ్మానికి బిగించినట్టవుతుంది, ఇవాళ పట్టినా రేపు వాన పడగానే బిగుసుకుంటుంది. ఆరోది అన్నిటికన్నా ముఖ్యం. బాగయ్యాక ఊరుకోకూడదు, రాసి పెట్టాలి.

దాని కోసం మా సెంటరులో ఒక పొడుగు పుస్తకం ఉంది, కిరాణా కొట్లో ఖాతా పుస్తకం లాంటిది. ఎడమ పేజీలో వచ్చిన చిక్కు, తేదీ, యంత్రం నంబరు. కుడి పేజీలో తీరిన విధం. రాసేది ఎవరు కనిపెడితే వాళ్లు. భాష తెలుగు. వైఫై, గడియారం, కరెంటు మూడూ అందులో ఉన్నాయి. తెలుగు టైపింగు కోసం ఐబస్ వేశాక ఒకసారి లాగవుటై మళ్లీ లోపలికి రావాలన్నది ఉంది. రెండు వ్యవస్థలున్న యంత్రంలో విండోస్‌ను పూర్తిగా ఆపకపోతే దాని డిస్కు డెబియన్‌లో చదవడానికే తప్ప రాయడానికి ఒప్పుకోదన్నది ఉంది. ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లలు ఏదైనా చెడితే నన్ను పిలవరు. ముందు పుస్తకం తిరగేస్తారు.

ఈ పుస్తకం చూసినప్పుడల్లా నాకు ఏటిగట్టు గుర్తొస్తుంది. 1986 ఆగస్టు వరద నాటి గోదావరిని చూసినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. గోదావరి పాయ గౌతమి పొంగుతున్న రాత్రుళ్లు గట్టు కింది ఊళ్లలో మగవాళ్లు లాంతర్లు పట్టుకుని గట్టు వెంట తిరిగేవారు. వెతికేది గండి కోసం కాదు, గండి పడితే ఇక చూసేదేమీ ఉండదు. వెతికేది బుంగ కోసం. ఎలుక బొరియంత చోట నుంచి సన్నగా నీరు ఊరుతుంటుంది. కనిపించగానే కేకేస్తే పదిమంది ఇసుక బస్తాలు తెచ్చి మూసేవారు. సాఫ్ట్‌వేరులో బగ్ అంటారే, నేను మా పిల్లలకు దాన్ని బుంగ అనే చెబుతాను. వాళ్లకు వెంటనే అర్థమైపోతుంది.

ప్రపంచం మొత్తానికి సంబంధించిన అలాంటి బుంగ ఒకటి 2024 మార్చి 29న బయటపడింది. ఎక్స్‌జెడ్ అని ఫైళ్లను కుదించే చిన్న పనిముట్టు ఉంది. దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉంటుంది. దాన్ని ఏళ్లుగా ప్రధానంగా ఒక్క మనిషే, జీతం లేకుండా చూసుకుంటున్నాడు. అలసిపోయిన ఆయనకు సాయం చేస్తానంటూ జియా టాన్ అన్న పేరుతో ఒకరు వచ్చి, రెండేళ్లకు పైగా మంచిగా పనిచేసి నమ్మకం సంపాదించి, చివరికి అందులో ఒక దొంగదారి పెట్టారు. అది పూర్తిగా వ్యాపించి ఉంటే లెక్కలేనన్ని సర్వర్లలోకి దొంగచాటుగా దూరే వీలుండేది. పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డేటాబేసు ఇంజనీరు. డెబియన్ ఇంకా స్థిరపడని రూపం మీద తన పనేదో చేసుకుంటుండగా, దూరం నుంచి లాగిన్ కావడానికి ఉండాల్సినదాని కన్నా అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. అర సెకను అని వదిలేయలేదు. తవ్వాడు. దొంగదారి దొరికింది. అందరికీ కేకేశాడు. మామూలు జనం వాడే స్థిరమైన డెబియన్‌లోకి అది చేరకముందే గంటల్లో మూసేశారు.

మూలం తెరిచి ఉంది కాబట్టే ఒక మనిషి తవ్వి చూడగలిగాడు, అది దీని బలం. అంత ముఖ్యమైన గట్టు మీద ఏళ్ల తరబడి కాపలా ఒక్కడే ఉన్నాడు, అది దీని బలహీనత. పదిమందిది అంటే ఎవరిదీ కాదనుకుని అందరూ పడుకుంటే గట్టు నిలవదు. గట్టు కింద ఇల్లున్న ప్రతివాడూ ఒక రాత్రి లాంతరు పట్టుకోవాలి.

మనం ఏం చెయ్యగలం, ప్రోగ్రాములు రాయడం రాదు కదా అనుకోకండి. గడియారం అంకె పట్టుకున్న కుర్రాడికీ ప్రోగ్రాములు రావు. డెబియన్ తెరల మీద ఇప్పటికీ కొన్ని మాటలు తెలుగులో, కొన్ని ఇంగ్లీషులో కనిపిస్తాయి. తెలుగు బాగా తెలిసిన పెద్దలు, రిటైరైన ఉపాధ్యాయులు ఆ మాటలు అనువదించవచ్చు. తప్పు కనిపించినవాళ్లు తప్పు ఉందని తెలియజేయవచ్చు. చిక్కులకు జవాబులు ఇంగ్లీషులో కొల్లలుగా ఉన్నాయి. తెలుగులో ఆ చోటు దాదాపు ఖాళీగా ఉంది. మన పిల్లలు చాలాసార్లు ఆగిపోయేది కంప్యూటరు రాక కాదు, ఆ నాలుగు ఇంగ్లీషు వరసల దగ్గర. మీకు తీరిన ఒక్క చిక్కు తెలుగులో రాసి పెడితే, ముమ్మిడివరంలోనో అమలాపురంలోనో ఇంకో పిల్లవాడి సాయంత్రం మిగులుతుంది.

యానాం, కోనసీమ, కాకినాడ బడుల్లో, గ్రంథాలయాల్లో, ఇళ్లలో మూలన పడ్డ కంప్యూటర్లున్నవారికి నాదొక మనవి. వాటిని తూకానికి వేసే ముందు ఒక్క పెన్‌డ్రైవ్‌తో తెరిచి చూడండి. నకళ్లు తీసుకోండి. తొందరపడకండి. ఒక యంత్రంతో మొదలుపెట్టండి. పక్కన ఒక పుస్తకం, ఒక పెన్ను పెట్టుకోండి. మొదటి చిక్కు వచ్చిన రోజున మొదటి పేజీ తెలుగులో రాయండి.

మా పుస్తకంలో ఇప్పటికి నలభై ఒక్క పేజీలు నిండాయి. చివరి పేజీ రాసింది పోయిన వారమే చేరిన అమ్మాయి.